చెవి మిషన్ పెట్టుకునే పిల్లలు కరాటే, జూడో, కర్రసాము నేర్చుకోవచ్చా?

బడి తెరిచాక కరాటే తరగతికి పేర్లు రాసుకునే రోజున ఎవరో ఒక తల్లి అందరూ వెళ్ళేదాకా ఆగి, మెల్లగా అడుగుతుంది: "మావాడికి చెవి మిషన్ ఉంది సార్, వాణ్ణి చేర్చుకుంటారా?" చేర్చుకోవచ్చు. కాకపోతే చేరే ముందే రెండు సంగతులు తేలాలి. తలకూ చెవికీ దెబ్బ తగిలితే ఈ బిడ్డకు ప్రత్యేకంగా ప్రమాదం ఉందా అన్నది చెవి డాక్టరు చెప్పాలి. "ఆగు" అన్న మాట బిడ్డకు ఎలా చేరుతుందన్నది మాస్టరు చెప్పాలి. ఈ రెండోది ఎవరూ అడగరు. దెబ్బలు తగిలేది ఎక్కువగా అక్కడే.

నేను చూసిన ఒక తరగతిలో జరిగింది చెబుతాను. జోడీలుగా సాధన చేస్తుంటే మాస్టరు గట్టిగా ఆపమన్నారు. ఎదుటి పిల్లవాడు విని చేతులు దించేశాడు. మాస్టరుకి వీపు పెట్టి ఉన్న మన పిల్లవాడికి ఆ కేక వినిపించలేదు, తన్ను ఆగలేదు. చేతులు దించిన వాడి పక్కటెముకలకి తగిలింది. ఆ సాయంత్రం అందరూ "వాడు మొరటోడు" అన్నారు. నేనూ ఆ మాటకి అడ్డు చెప్పలేదు. తర్వాత ఆలోచిస్తే వాడి తప్పు ఇసుమంత కూడా లేదనిపించింది. ఆపమని కేక ఒక్కటే పెట్టి ఊరుకోవడమే తప్పు.

ముందు డాక్టరు దగ్గర

"ఆటలు ఆడొచ్చా?" అని అడిగితే "ఆడొచ్చు" అనే అంటారు. అలా కాదు, విడమరిచి అడగండి: "కరాటేలో తలకు దెబ్బ తగలొచ్చు, జూడోలో వెల్లకిలా పడతాడు, ఫర్వాలేదా?"

కొందరు పిల్లలకు లోపలి చెవిలోని ఒక సన్నని ఎముక గొట్టం పుట్టుకతోనే వెడల్పుగా ఉంటుంది. వీళ్ళకి తలకు చిన్న దెబ్బ తగిలినా ఉన్న వినికిడి ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ సంగతి స్కానింగ్‌లో తెలుస్తుంది. మీ బిడ్డకు స్కానింగ్ అయి ఉంటే ఆ కాగితం తీసుకెళ్ళి చూపించండి. ఈ లోపం ఉన్నవాళ్ళు తలకు దెబ్బ తగిలే సాధన జోలికి వెళ్ళకూడదు.

కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లల సంగతి ఇంకోటి. బయట పెట్టుకునే భాగాన్ని తీసేయవచ్చు గానీ, లోపల చర్మం కింద పెట్టిన భాగం అక్కడే ఉంటుంది. చెవి వెనక గట్టి దెబ్బ తగిలితే అది పాడైపోవచ్చు, మళ్ళీ ఆపరేషన్ పడొచ్చు. అందుకే ఎదురెదురుగా కొట్టుకునే పోటీ, విసిరి పడేసే పట్లు వద్దనే డాక్టర్లు ఎక్కువ. ఒంటరిగా చేసే కటా అలా కాదు. ఆపరేషన్ చేసిన డాక్టరు సరేనంటే కటాలోనే బెల్టు తర్వాత బెల్టు ఎక్కొచ్చు. కటా అంటే "అసలు కరాటే కాదు" అనే పెద్దమనుషులు ఉంటారు. వాళ్ళ మాట పట్టించుకోకండి, కటాకి విడిగా పోటీలే ఉన్నాయి.

కర్ణభేరికి చిల్లు ఉన్నా, చెవి కారుతున్నా ముందు వైద్యం కానివ్వండి. ఇంకొక మాట, ఇది చెవి బాగున్న పిల్లలకు కూడా: ఆత్మరక్షణ పాఠాల్లో రెండు అరచేతులతో ఎదుటివాడి చెవుల మీద చరచడం చూపిస్తారు. అరచేతి గాలికే కర్ణభేరి చిరగగలదు. దాన్ని ఒకరి మీద ఒకరు సరదాకి కూడా చేసి చూడకూడదు.

ఏ రోజైనా సాధన తర్వాత వినికిడి తగ్గినట్టు, చెవిలో హోరు పుట్టినట్టు, కళ్ళు తిరుగుతున్నట్టు బిడ్డ చెబితే "రేపు చూద్దాం" అనకండి. అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. హఠాత్తుగా పోయిన వినికిడికి మందు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

బ్యాలెన్స్ సంగతి

వినడానికి పనికొచ్చే భాగమూ, మనిషి తూలకుండా చూసే భాగమూ లోపలి చెవిలో పక్కపక్కనే ఉంటాయి. మొదటిది దెబ్బతిన్న పిల్లల్లో కొందరికి రెండోది కూడా బలహీనంగా ఉంటుంది. నడక ఆలస్యంగా వచ్చిందా, చీకట్లో తడబడతాడా, కళ్ళు మూసుకుంటే నిలబడలేడా అన్నవి గుర్తు చేసుకుని మాస్టరుకి చెప్పండి. అలాంటి వాళ్ళకి ఒంటికాలి మీద నిలబడి తన్నడం మొదట్లో కష్టం. గోడ పక్కన నిలబెట్టి మొదలుపెట్టాలి. సాధన చేసే కొద్దీ కళ్ళూ పాదాలూ ఆ పనిని కొంత అందుకుంటాయి.

కళ్ళే ఆధారం అన్నప్పుడు వెలుతురు ఉండాలి కదా. కరెంటు పోతే మిగతా పిల్లలు మాస్టరు మాట విని ఆగుతారు. ఈ బిడ్డకి మాటా అందదు, మనిషీ కనిపించడు. కరెంటు పోగానే ఉన్నచోటే కూర్చోవాలని మొదటి రోజే అందరికీ నేర్పాలి.

"ఆగు" ఎలా చేరాలి

మన పిల్లల పరిస్థితి కొంచెం చిత్రమైనది. ఇంట్లో "ఆగు" అంటారు. బయట తమిళం మాస్టరైనా, కన్నడం మాస్టరైనా "నిల్లు" అంటారు. తరగతిలోకి వచ్చేసరికి జపాను మాట "యామే". చెవి సరిగా వినిపించే పిల్లవాడు మూడింటినీ నాలుగు రోజుల్లో కలిపేసుకుంటాడు. పెదాలు చూసి మాట పట్టుకునే బిడ్డకు మూడూ మూడు వేరు వేరు ఆకారాలు. పైగా ప, బ, మ పెదాల మీద ఒకేలా కనిపిస్తాయి. జపాను అంకెల్లో ఇచి, షిచి, హచి (ఒకటి, ఏడు, ఎనిమిది) కూడా దాదాపు అంతే. కాబట్టి పెదాల మీద వదిలేయకుండా మాటకో సైగ పెట్టుకోవాలి. మొదలుపెట్టు, ఆగు, మళ్ళీ చెయ్యి, జోడీ మార్చు, ఇటు చూడు: ఈ ఐదు చాలు. అంకెల్ని వేళ్ళతో చూపించాలి. సైగలు తరగతి మొత్తం నేర్చుకోవాలి, ఈ ఒక్క బిడ్డకే కాదు.

జోడీ సాధనలో ఇంకో కట్టుబాటు ఉండాలి. ఎదుటివాడు ఆగమన్న మాట విన్నాడంటే చేతులు దించేయకూడదు. ఒక అడుగు వెనక్కి వేసి, అరచెయ్యి ఎదురుగా చాపి, అవతలివాడు చూసి ఆగాకే చెయ్యి దించాలి. పైన చెప్పిన తరగతిలో ఈ కట్టుబాటు ఉండి ఉంటే ఆ దెబ్బే ఉండేది కాదు. బిడ్డ వీపు తిప్పి ఉంటే మాస్టరు దగ్గరికి వచ్చి భుజం మీద రెండుసార్లు తట్టాలి. దూరంగా ఉంటే లైటు ఆర్పి వేయొచ్చు. చెక్క నేలైతే కాలితో గట్టిగా తొక్కితే అదురు పాదాలకు తెలుస్తుంది. సిమెంటు నేల మీద అది పనిచెయ్యదు.

పాఠం చెప్పేటప్పుడు మాస్టరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే ఆయన మొహం నల్లగా కనిపిస్తుంది, పెదాలు తెలియవు. చూపిస్తూ మాట్లాడడం కూడా వద్దు. బిడ్డ కళ్ళు చేతిని చూడాలా, నోటిని చూడాలా? ముందు చెప్పాలి, తర్వాత చూపించాలి. బిడ్డని మొదటి వరసలో నిలబెట్టాలని చాలామంది అంటారు. నిజానికి రెండో వరస నయం, ముందున్నవాళ్ళని చూసి తిరగాల్సినప్పుడు తిరుగుతాడు. మాస్టరు మాట్లాడేటప్పుడు మాత్రం ముందుకు రావాలి.

మిషన్ ఉంచాలా, తియ్యాలా

వార్మప్‌కీ, కటాకీ, మాస్టరు చెప్పేది వినడానికీ ఉంచుకోవచ్చు. జోడీగా కొట్టుకునేటప్పుడూ, పట్టు పట్టేటప్పుడూ తీసేయాలి. హెడ్‌గార్డ్ కింద మిషన్ నొక్కుకుంటే కీచుమని కూస్తుంది, దెబ్బ తగిలితే గట్టి ప్లాస్టిక్ చెవిలోకి గుచ్చుకుంటుంది. తీసినప్పుడు పెట్టడానికి మూత ఉన్న డబ్బా బ్యాగులో ఉండాలి. చొక్కా జేబులో వేస్తే పోయినట్టే.

ఒక సంగతి మాస్టర్లకు తెలియదు. చెవి మిషన్ ఒకటి రెండు మీటర్ల దూరంలో మాట బాగా అందిస్తుంది. రేకుల షెడ్డులోనో, ఖాళీ హాల్లోనో ముప్ఫైమంది కేకలు వేస్తుంటే ఆ గోలంతా పెంచి వినిపిస్తుంది. "మిషన్ పెట్టుకున్నాడుగా, ఇంకేం?" అనుకోవద్దు.

చెమట మిషన్‌కి శత్రువు. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో రాత్రంతా ఉంచండి. ఎండలో పెట్టకండి, జుట్టు ఆరబెట్టే మిషన్ వాడకండి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ బిళ్ళ బ్యాటరీలు వాళ్ళ చేతికి అందనివ్వకండి.

కుస్తీలోనూ జూడోలోనూ చెవిదొప్ప నలిగి వాచిపోవడం మామూలు. లోపల రక్తం గడ్డకట్టి ఆ వాపు అలాగే గట్టిపడితే చెవి ఆకారం మారిపోతుంది, మిషన్ అచ్చు ఇక సరిగా కూర్చోదు. కుస్తీ సాధనలో ఇయర్‌గార్డ్ పెట్టుకోవాలి. వాపు వస్తే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకి చూపించాలి.

ఏ విద్య ఎంచుకోవాలి

డాక్టరు అడ్డు చెప్పకపోతే నా ఓటు జూడోకి. అందులో ఎదుటివాడి బట్ట చేతిలోనే ఉంటుంది, వాడు ఎటు లాగబోతున్నాడో వేళ్ళకే తెలుస్తుంది. ఓడిపోయానని చెప్పడం కూడా తట్టడమే. ఒక్క జాగ్రత్త, చాప మీద తడితే ఈ బిడ్డకు తెలియదు, ఒంటి మీద తట్టాలని జోడీకి నేర్పాలి. కర్రసాము, సిలంబంలో కర్రకి కర్ర తగిలిన అదురు చేతికి అందుతుంది, కానీ తల దగ్గర కర్ర తిరుగుతుంది కాబట్టి మొదట ఒంటరి సాధనే. కేరళ కలరిపయట్టులో గురువు నోటితో పలికే ఆజ్ఞల్ని వాయ్‌తారి అంటారు. పాఠమంతా వాటి మీదే నడుస్తుంది కాబట్టి అక్కడ ముందే మాట్లాడుకోవాలి.

పోటీల దారి

పారాలింపిక్స్‌లో వినికిడి లోపానికి విభాగం లేదు. బధిరులకు డెఫ్లింపిక్స్ వేరుగా ఉన్నాయి. 1924లో పారిస్‌లో మొదలయ్యాయి, 2025 నవంబరులో టోక్యోలో జరిగాయి. కరాటే, జూడో, తైక్వాండో, కుస్తీ నాలుగూ అందులో ఉన్నాయి. హర్యానా మల్లయోధుడు వీరేందర్ సింగ్ 2005, 2013, 2017లలో కుస్తీ బంగారు పతకాలు గెలిచి పద్మశ్రీ అందుకున్నాడు. తనలాంటి వాళ్ళకి పారా క్రీడాకారులతో సమానంగా గుర్తింపు ఇవ్వాలని, ఆ పతకం పట్టుకునే ఢిల్లీలో హర్యానా భవన్ ముందు కూర్చున్నాడు కూడా.

అక్కడ మెరుగైన చెవిలో కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి, బరిలో మిషన్లు పెట్టుకోకూడదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్క రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నుంచి మొదలవుతుంది. రెండు లెక్కలూ ఒకటి కావు, కాబట్టి సర్టిఫికెట్ రాలేదని పోటీల దారి మూసుకుపోయిందనుకోవద్దు. పరీక్షకి కర్ణాటకలో ఉన్నవాళ్ళకి మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, మహారాష్ట్ర వాళ్ళకి ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నాయి. ముంబై సంస్థకు సికింద్రాబాదులోనూ కేంద్రం ఉంది.

చేర్చే రోజు మాస్టరు చేతికి ఒక కాగితం ఇవ్వండి, తరగతి జరిగే భాషలోనే రాయండి. ఇలా ఉంటే చాలు: "మా బిడ్డకు ఎడమ చెవి బాగా తక్కువ, కుడి చెవి కొంచెం వినిపిస్తుంది. పిలిస్తే పలక్కపోతే భుజం తట్టండి. జోడీ సాధనలో మిషన్ తీసేస్తుంది, డబ్బా బ్యాగులో ఉంది. తలకు దెబ్బ తగిలితే వెంటనే ఫోన్ చెయ్యండి." ఎడమ, కుడి మీ బిడ్డ ప్రకారం మార్చుకోండి, కింద ఫోన్ నంబరు వెయ్యడం మరవకండి.