పర్దా ఇఖ్తియార్ ఎవరి చేతిలో?

ఖిడ్కీకి పర్దా ఎందుకని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: బయటివాళ్ల నిగాహ్ పడకుండా. అది సగం జవాబే. ఎండ, రోష్నీ, హవా, చాటు - ఈ నాలుగింటినీ ఎంత కావాలో అంతే లోపలికి రానివ్వడం పర్దా పని. ఆ ‘ఎంత’ను తేల్చేది ఎవరు? ఇప్పుడు బటన్ నొక్కితే లేచే మోటారు పర్దాలు మన ఇండ్లల్లోకి కూడా వస్తున్నాయి కాబట్టి, ఆ ఇఖ్తియార్ ఏయే చేతులు మారిందో ఒకసారి తారీఖ్ తిరగేద్దాం.

హైదరాబాద్ పాత ఇండ్లల్లో చిల్మన్ ఉండేది. సన్నటి వెదురు పుల్లల్ని దారంతో అల్లి దర్వాజాకో, వరండాకో వేలాడదీసేవారు. తాడు గుంజితే పైకి చుట్టుకునేది, వదిలితే జారేది. మా నానీ జొహర్ వేళకు పూర్తిగా దించేది, అసర్ దాటినంక సగం ఎత్తేది. పగటిపూట లోపలున్నవాళ్లకు గల్లీ అంతా కనబడేది, గల్లీలోవాళ్లకు లోపల ఏమీ కనబడేది కాదు. కారణం బయట వెలుతురెక్కువ, లోపల తక్కువ. మగ్రిబ్‌కు లోపల దీపం పెట్టగానే లెక్క తిరగబడేది. అందుకే అప్పుడు గుడ్డ పర్దా కూడా వేసేవారు. తాడు మాత్రం ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ల చేతిలోనే.

ఇదే హునర్ కైరోలో మష్రబియా అయ్యింది. షర్బత్ అన్న మాట ఏ ధాతువు నుంచి వచ్చిందో మష్రబియా కూడా అక్కడినుంచే వచ్చిందంటారు. తాగే నీళ్ల కూజాలను చల్లబడడానికి ఆ చెక్క జాలీ దగ్గర పెట్టేవారు. ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫత్హీ దానికి ఐదు పనులు లెక్కగట్టాడు: వెలుగును అదుపు చేయడం, గాలిని అదుపు చేయడం, గాలి వేడిని తగ్గించడం, తేమను పెంచడం, చాటునివ్వడం. కారీగర్లు కంటి ఎత్తులో జాలీని ఒత్తుగా అల్లి, పైన సందులు పెద్దగా వదిలేవారు. కింద చాటు, పైన గాలి. కాకపోతే ఆ కొలతలు కారీగర్ ఒకసారి తేల్చేసినవి. ఎండతో పాటు అవి మారవు.

మారే పర్దా కోసం యూరప్, అమెరికాల్లో వేరే దారి పట్టారు. 1769లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ బెవన్ వెనీషియన్ బ్లైండ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1841లో అమెరికాలో జాన్ హాంప్సన్ ఆ పట్టీల వాలును సర్దుకునే ఏర్పాటుకు పేటెంట్ పొందాడు. పర్దాను పూర్తిగా ఎత్తకుండానే వెలుగును పైకో కిందికో మళ్లించడం అట్లా వీలయ్యింది. తర్వాత మోటారు వచ్చింది. గడియారాల పనికి పేరున్న ఇలాకాలో, ఫ్రాన్స్‌లోని క్లూజ్ అనే ఊళ్లో 1969లో సోమ్ఫీ కంపెనీ మొదలైంది. పర్దా చుట్టుకునే గొట్టం లోపలే ఇమిడిపోయే మోటార్లతో అది పేరు తెచ్చుకుంది. ఇట్లాంటి మోటారులో అసలు కిటుకు రెండు హద్దులు. పైన ఎక్కడ ఆగాలి, కింద ఎక్కడ ఆగాలి అని ముందే సర్ది పెడతారు. గొట్టం ఎన్ని చుట్లు తిరిగిందో చూసుకుని మోటారు తనంతట తానే ఆగుతుంది. ఆ హద్దులు సరిగా లేకపోతే గుడ్డ చిరుగుతుంది, లేదా మోటారు వేడెక్కుతుంది.

ఈ రెండు దారులూ ప్యారిస్‌లో కలిశాయి. 1987లో అక్కడ అరబ్ వరల్డ్ ఇన్‌స్టిట్యూట్ ఇమారత్ తెరిచారు. జాన్ నువెల్ తన సాథీలతో, ఆర్కిటెక్చర్-స్టూడియోతో కలిసి దాన్ని డిజైన్ చేశాడు. దక్షిణం వైపు గోడంతా అద్దం, ఆ అద్దం వెనకాల 240 లోహపు జాలీలు. ప్రతి జాలీలో కెమెరా కన్నులా తెరుచుకుని మూసుకునే చిన్నా పెద్దా రేకులు. వెలుగును పసిగట్టే సెన్సర్లు చెబితే మోటార్లు వాటిని తిప్పుతాయి. దూరం నుంచి చూస్తే అచ్చం మష్రబియానే. 1989లో ఈ ఇమారత్‌కు ఆగా ఖాన్ అవార్డు దక్కింది. కానీ అన్ని వేల కదిలే ముక్కలను కాపాడడం మాటలు కాదు. ఏండ్లు గడిచేకొద్దీ చాలా రేకులు కదలడం మానేశాయి. 2017లో గానీ ఆ జాలీలు మరమ్మతై మళ్లీ కదల్లేదు.

అబూదబీలో 2012లో పూర్తయిన అల్ బహర్ జోడు టవర్లది మరో తరీఖా. ఒక్కో టవర్‌కు వెయ్యికి పైగా ముక్కోణపు గొడుగులు గోడకు అంటకుండా బయట ఉంటాయి. సూరజ్ ఏ గంటకు ఎక్కడుంటాడో కంప్యూటర్‌కు ముందే తెలుసు. దాని ప్రకారం గొడుగులు విప్పుకుంటాయి, ముడుచుకుంటాయి. ఉత్తరం వైపు నేరుగా ఎండ అంతగా పడదు కాబట్టి అక్కడ గొడుగులే పెట్టలేదు. పెనుగాలి వీచినా, ఆకాశం మబ్బు పట్టినా సెన్సర్లు ఆ లెక్కను పక్కనపెట్టి గొడుగులను ముడుస్తాయి.

ఇక్కడొక నాజూకు మసలా ఉంది. చిన్న మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా పర్దా లేచి దిగితే గదిలో కూర్చున్న మనిషికి చిరాకు. అందుకే మంచి కంట్రోలర్‌లో రెండింటిని సర్దుకునే వీలుంటుంది: ఎంత వెలుగుకు కదలాలి, కదిలే ముందు ఎంతసేపు ఆగాలి. బయట వేసే పర్దా అయితే ఎండకు నిదానంగా, గాలికి వెంటనే కదలాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, మనిషి బటన్ నొక్కితే మిషన్ తన లెక్క ఆపి ఆ మాట వినాలి. దఫ్తర్లల్లో ఆ బటన్ లేనిచోట సెన్సర్ మీద కాగితం అంటించిన ఉద్యోగులు నాకు తెలుసు.

మోటారును నేను తక్కువ చేయడం లేదు. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని మా అమ్మీకి ఎండ కంట్లో పడితే ఇదివరకు ఎవరినో ఒకరిని పిలవాల్సి వచ్చేది. ఇప్పుడు రిమోట్ ఆమె దిండు పక్కనే ఉంటుంది. ఎవరినీ అడగకుండా ఆమె తన గదిలో వెలుగును తానే సర్దుకుంటోంది. మీ ఇంట్లో పెట్టించుకునేటప్పుడు రంగు, గుడ్డ చూసుకోండి సరే. అంతకుముందు దుకాణదారును మూడు సవాళ్లు అడగండి. హద్దులు మేమే మార్చుకోవచ్చా? కరెంటు పోతే చేత్తో దించే ఏర్పాటుందా? పాడైతే మన ఊరి కారీగర్ విప్పి బాగు చేయగలడా? మూడింటికీ కాదనే జవాబొస్తే, డబ్బు మీరు కట్టినా ఆ పర్దా మీద ఇఖ్తియార్ మాత్రం కంపెనీదే.