మంచుకొండ నీడలో ఒక చిన్న భాష

పోచంపల్లి, కృష్ణగిరి, హోసూరు సీమలలో పుట్టి పెరిగిన మనకు మంచు అనగా మార్గశిర పుష్య మాసముల వేకువజామున చేల మీద తెరవలె నిలిచి, ప్రొద్దెక్కగానే విడిపోవు పొగమంచు మాత్రమే. నిలువెత్తున కురిసి, నెలల తరబడి నేలను కప్పియుండు మంచును మనము బొమ్మలలో చూచితిమే గాని కాలితో త్రొక్కి యెరుగము. అయినను కాలము మారినది. మన కుటుంబముల బిడ్డలు చదువులకును ఉద్యోగములకును ఐరోపా దేశములకు పోవుచున్నారు. శీతకాలపు సెలవులలో కాళ్లకు స్కీ పలకలు కట్టుకొని తెల్లని కొండవాలున నిలిచిన ఛాయాచిత్రములను ఇంటికి పంపుచున్నారు.

ఇటలీలో ఇట్టి వినోదమునకు పేరుగన్న తావులు కొన్ని కలవు. 1956లో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగిన కొర్తీనా, 2006లో టొరీనో ఒలింపిక్సుకు కొండవాలు పందెములు జరిగిన సెస్ట్రియేర్ అట్టివి. అంతటి పేరు లేని చిన్న గ్రామ మొకటి కలదు. దాని పేరు అలాన్యా వాల్సేసియా. అచ్చటికి పోవువారు త్రొక్కని మంచు కొరకు పోవుదురు. కాని తమిళనాట తెలుగు మాటను నిలుపుకొనుచున్న మనవంటివారు అచ్చట చూడవలసినది మంచు ఒక్కటియే కాదు. ఆ సంగతి విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

అలాన్యా ఇటలీకి వాయవ్యమున పీడ్‌మాంట్ ప్రాంతములో, సేసియా నది పుట్టు లోయ కొనయందు, సముద్రమట్టమునకు 1191 మీటర్ల యెత్తున నున్నది. మిలాను నగరము నుండి కారులో రెండుమూడు గంటల ప్రయాణము. వరల్లో అను పట్టణము దాటిన పిదప లోయ ఇరుకగును. దారి యేటి వెంటనే సాగి గ్రామము దాటగానే ముగియును. ఆపై నున్నది మోంటే రోజా పర్వతము. దాని యత్యున్నత శిఖరము 4634 మీటర్లు. అది స్విట్జర్లాండు వైపున నున్నది. పేరులోని ‘రోజా’ గులాబి పువ్వని పలువురు తలంతురు. అది హిమానీనదమను అర్థము గల పాత మాండలికపు మాట నుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. ఒక మాటకు అర్థము మరుగుపడినచో లోకము దానికి వేరొక అర్థమును కల్పించునని ఇందువలన తెలియును.

ఈ పర్వతము గోడవలె నిలిచి, దక్షిణమున మధ్యధరా సముద్రము మీదుగా వచ్చు తేమగాలిని అడ్డగించును. అందుచేత అచ్చట మంచు విరివిగా కురియును. ఎత్తు వలనను చలి వలనను ఆ మంచు తడి లేక, జల్లించిన పిండివలె పొడిగా నుండును. స్కీ పలకలతో జారువారికి ఇట్టి పొడిమంచు పరమ ప్రీతి. సాధారణముగా స్కీ కేంద్రములలో యంత్రములతో మంచును అణచి, చదును చేసి, గుర్తులు పాతి, దారులు తీర్చుదురు. అలాన్యా వాలులు మిక్కిలి నిటారైనవి, రాతిమయమైనవి. అచ్చట తీర్చిన దారులు స్వల్పము. అందువలననే అది పెద్ద విహారకేంద్రముగా పెరుగలేదు. ఆ లోపమే పిమ్మట దానికి కీర్తి తెచ్చినది. తీర్చిన దారి విడిచి, పరుల జాడ పడని మంచులో జారదలచినవారు దానిని వెదకికొని వచ్చుచున్నారు.

ఇటలీకి స్కీ విద్య వచ్చినది 1896లో. టొరీనోలో నివసించిన అడోల్ఫో కిండ్ అను స్విస్ ఇంజనీరు ఆ పలకలను తెప్పించి స్నేహితులకు చూపెను. 1901లో ఆ నగరముననే స్కీ సంఘము వెలసెను. అలాన్యాకు పై మంచుభూములను అందుబాటులోనికి తెచ్చినది 1960ల దశకమున పుంటా ఇండ్రెన్ వరకు వేసిన రోప్‌వే. దానికి బదులుగా తరువాత క్రొత్తవి వచ్చినవి. ఇరువదియొకటవ శతాబ్ది తొలి దశకమున సలాతి కనుమ మీదుగా పొరుగులోయయైన గ్రెస్సొనేతో అనుసంధానము కలిగినది. నేడు ఇండ్రెన్ చెంత, రమారమి 3275 మీటర్ల యెత్తున దిగినవాడు మంచు చాలినంత యున్నచో గ్రామము వరకు రెండువేల మీటర్లకు పైగా దిగవచ్చును. మన సేలము జిల్లా ఏర్కాడు కొండకొన నుండి సముద్రమట్టము వరకు దిగినను ఇంత దిగుడు లేదు.

దారి విడిచి పోవుటలో ప్రమాదము లేకపోలేదు. క్రొత్తగా కురిసిన మంచు, అడుగున బలహీనమైన పొర యున్నచో, ఒక మనుష్యుని బరువుకే విడివడి చరియయై దొరలును. అందు పూడినవానిని మొదటి పదిహేను నిమిషములలో తీసినచో బ్రతుకుటకు ఆశ మెండు. పిమ్మట ఆ యాశ త్వరితముగా తగ్గును. కావున సంకేతములు పంపు చిన్న రేడియో పరికరము, మంచులో గ్రుచ్చి వెదకు పొడవైన ఊచ, త్రవ్వుటకు పార వెంట నుండవలెను. చరియల భయమున్న తావులలో వీనిని ధరించుటను 2022 నుండి ఇటలీ చట్టము తప్పనిసరి చేసినది. వీని కన్న ముఖ్యమైనది స్థానికుడైన మార్గదర్శి. ఏ గాలి తరువాత ఏ వాలు నమ్మరాదో వానికి తెలియును. ఆ తెలివి తరతరములుగా ఆ యూర నిలిచియుండి సంపాదించినది.

అట్టి లోయ కొనకు మనుష్యులెట్లు చేరిరి? ఎందుకు నిలిచిరి? చరిత్ర ఇచ్చటనే మొదలగును.

వారు ఇటాలియనులు కారు. పండ్రెండు, పదమూడు శతాబ్దులలో స్విట్జర్లాండు నందలి వాలిస్ లోయ యెగువ భాగము నుండి జర్మను భాషాభేదము మాటలాడు రైతులు కొందరు కనుమలు దాటి నలుదిక్కులకు పోయిరి. వాలిస్‌వారు గనుక వారికి వాల్సరులని పేరు. ఎవ్వరును సాగుచేయని ఎత్తైన భూములను ప్రభువులును మఠములును వారికి వంశపారంపర్యపు కౌలుకు ఇచ్చిరి. అడవి నరికి, రాళ్లేరి, పచ్చికయు రై ధాన్యమును పండించి వారు స్థిరపడిరి. అలాన్యాలో వారి ఊరిపేట లిప్పటికిని కలవు. క్రింద రాతికట్టు, అందులో పశువులకును మనుష్యులకును చోటు, పైన లార్చి కర్ర దూలములతో అంతస్తులు, చుట్టును గడ్డి, పైరు ఆరవేయుటకు గడల వరుసలు, కప్పున రాతిపలకలు. ఇవి ఆ యిండ్ల లక్షణములు. పెదెమోంతె అను పేటలో 1628 నాటి ఇల్లొకటి నేడు వాల్సరుల ప్రదర్శనశాలగా నున్నది. వారు తమ మాటను ‘తిచ్చు’ అని పిలుతురు. చుట్టును ఇటాలియను భాషాభేదములు వ్యాపించియుండగా, రమారమి ఏడువందల యేండ్లు ఆ మాట వారి ఇండ్లలో నిలిచినది.

వారి పొరుగుననున్న గ్రెస్సొనే వాల్సరులలో ఒక గాథ కలదు. తమ పూర్వులు నివసించిన సుందరమైన లోయ యొకటి మంచుకొండల నడుమ తప్పిపోయినదట. 1778లో ఆ యూరి యువకులేడుగురు ఆ లోయను వెదకుటకై హిమానీనదముల మీదుగా మోంటే రోజా నెక్కిరి. నాలుగువేల మీటర్లకు పైనున్న ఒక బండ మీద నిలిచి ఆవలికి చూచిరి. క్రింద మంచును రాయియు తప్ప ఊరు గాని మందలు గాని కానరాలేదు. అయినను అదియే తప్పిపోయిన లోయయని సంతోషించిరి. వారు చూచినది జెర్మాట్టు వైపు హిమభూమి; అనగా వారి పూర్వులు విడిచివచ్చిన వాలిస్ సీమయే. ఎరుగకయే తమ పుట్టినింటిని చూచి వచ్చిరన్నమాట. నేడు ఆ బండను ‘అన్వేషణ శిల’ యని పిలుచుచున్నారు. పలకలు కట్టుకొని ఆ పర్వతమునకు పోవువారిలో ఈ కథ నెరిగినవారెందరో!

అలాన్యాలో చెప్పదగినవా రింకను ఇరువురు కలరు. మొదటివాడు ఆ గ్రామపు చర్చి పురోహితుడు జొవాన్ని నిఫెట్టి. ఆయన మూడుమారులు విఫలుడై, నాలుగవమారు 1842 ఆగస్టు 9న సహచరులతో కూడ 4554 మీటర్ల శిఖరము నెక్కెను. ఆ శిఖరమునకు ఇటాలియనులు ఆయన పేరే పెట్టిరి. దానిపై 1893లో మార్గరీతా రాణి పేర ఒక కుటీరము వెలసెను. ఆమె స్వయముగా అచ్చటికి వచ్చినది. ఐరోపాలో కెల్ల ఎత్తున నున్న కట్టడముగా అది నేటికిని ప్రసిద్ధము. రెండవవాడు జొవాన్ని జొర్దాని యను వైద్యుడు. ఆయన ఏ శిఖరము పేరుగను నిలువలేదు. కాని తన యూరి మాటకు వ్యాకరణమును పదసంచయమును కూర్చెను. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1891లో టొరీనోలో అచ్చయ్యెను.

ఈ యిరువురిలో ఎవరి పని గొప్పదో కాలము తేల్చినది. 1861లో ఇటలీ ఏకమైన పిదప బడులలో ఇటాలియను భాష వచ్చినది. అలాన్యా పురుషులు సున్నపు నగిషీపనికై చిరకాలముగా పరదేశములకు పోవుచుండిరి. ఫాసిస్టుల కాలమున అల్పసంఖ్యాక భాషలకు బడులలో చోటు లేకపోయెను. తరువాత బస్సులు, రోప్‌వే, విహారయాత్రికులు వచ్చిరి. మంచు జీవనమిచ్చినది, ఊరు పాడుపడకుండ కాచినది; నిందింపవలసిన పని లేదు. కాని తల్లి బిడ్డతో ఇటాలియనులో మాటలాడుట మొదలిడిన నాడే తిచ్చు క్షీణించినది. 1999 డిసెంబరులో 482వ సంఖ్య చట్టము చారిత్రక భాషా అల్పసంఖ్యాకులకు రక్షణ కల్పించినది. అప్పటికే అలాన్యాలో ఆ మాట కొద్దిమంది వృద్ధుల నోట మాత్రమే మిగిలినది. ఏడు శతాబ్దులు కొండ కాపాడిన దానిని కొలది తరములలో ఇల్లు విడిచినది. నేడు దానిని నేర్వదలచినవారికి వైద్యుని గ్రంథమొక ముఖ్యాధారము.

ఇప్పుడు మన కొండల వైపు చూతము. మన పూర్వులును ఒక నాడు కనుమలు దిగి వచ్చినవారే. విజయనగర ప్రభువుల కాలమున సేనలతో, మందలతో, మగ్గములతో, నాగళ్లతో తెలుగు కుటుంబములు దక్షిణమునకు వచ్చిరి. పదునారవ శతాబ్ది చివర పెనుకొండ సంరక్షణలో పేరు పొందిన జగదేవరాయలకు బారామహలు సీమ దక్కినదని చరిత్రకారులు వ్రాసిరి. కృష్ణగిరి, రాయకోట మొదలగు గిరిదుర్గములు ఆ సీమవి. 1792 శ్రీరంగపట్నపు సంధితో అది కంపెనీవారి వశమైనది. అలెగ్జాండరు రీడు, థామసు మన్రో అచ్చట రైతుల భూములను కొలిపించిరి. 1956 రాష్ట్ర పునర్విభజనలో ఈ సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి నుండి వేరై కృష్ణగిరి జిల్లా యేర్పడినది. పాలనలు మారినవి, జిల్లాల పేర్లు మారినవి. ఇంటిలోని మాట మారలేదు. పోచంపల్లి యను పేరు పలికినప్పుడెల్ల అందు మన గ్రామదేవత పోచమ్మ పేరు వినబడుచునే యున్నది.

2006లో వచ్చిన చట్టము వలన తమిళనాటి బడులలో తమిళము తప్పనిసరి భాషయైనది. తమిళము మనకు అన్నము పెట్టు నేల మాట. దానిని చక్కగా నేర్చుట మన ధర్మము, మన లాభము. అయితే తెలుగు చదువునకు బడిలో చోటు ఇరుకైనప్పుడు ఇంటి బాధ్యత రెట్టింపగును. వాల్సరులకు అడ్డముగా కొండ యున్నది. మనకు కొండయును లేదు. హోసూరు కర్మాగారములకు, బెంగుళూరు కార్యాలయములకు దారులు తెరచియున్నవి. మన మాటను కాపాడునది వంటయిల్లు, వసారా, ఉయ్యాలయే.

వలయునది పెద్ద కార్యము కాదు. ఇంటికొక పుస్తకము చాలును. గొర్రు, గుంటక, కాడి, మేడి అని మన తాతలు పిలిచిన పనిముట్ల పేర్లు, పొలముల పేర్లు, రాగిపంటకును మామిడితోటకును సంబంధించిన మాటలు, అమ్మమ్మలు పాడు జోలలు, వరుసల పిలుపులు - ఇవి మన సీమలో ఎట్లు పలుకుదురో అట్లే వ్రాసిపెట్టవలెను. గ్రంథభాషతో సరిపోలలేదని సిగ్గుపడరాదు. అలాన్యా వైద్యుడు కూడ గ్రంథభాషను వ్రాయలేదు. తన యూరి మాటనే వ్రాసెను. వ్రాసినది నిలుచును, కాని బ్రతుకునది పలికినదే. కావున వ్రాయుచునే బిడ్డలతో పలుకవలెను.

ఐరోపాలో నున్న మన బిడ్డలు ఎవరైనను అలాన్యాకు పోదలచినచో తప్పక పోవలెను. మార్గదర్శిని వెంటబెట్టుకొని, చరియల సూచనలు చదివి, ఆ పొడిమంచులో తనివితీర జారవలెను. మరునాడు ఒక పూట పెదెమోంతె పేటకు నడచి, 1628 నాటి ఆ యింటి గడప యెదుట నిలువవలెను. ఊరిలో తిచ్చు తెలిసిన ముదుసలి యెవరైన ఎదురుపడినచో ఒక మాట పలికించుకొని వినవలెను. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి, ఆ సంగతి యంతయు అవ్వతో తెలుగుననే చెప్పవలెను.