ఎద్దుకు ఐదు రోజులు, మరి కారుకు?

పాత కారు కొనుగోలు మీద చరిత్ర వ్యాసమేమిటని చదువరులు నవ్వవచ్చు. కానీ ఇందులోని చిక్కు కారుకంటే చాలా పాతది. బండికి ఎద్దును పూన్చిన నాటినుంచీ ఉన్నదే. కంటికి కనబడని లోపమున్న సొత్తు ఒకటి చేతులు మారింది. మారిన కొద్ది రోజులకే ఆ లోపం బయటపడింది. నష్టం అమ్మినవాడిదా, కొన్నవాడిదా? ఈ ప్రశ్నకు మన దేశంలో ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పారు. ఆ జవాబులను వరుసగా పేర్చి చూస్తే, జూబ్లీహిల్స్ ఎత్తులో పొగలు కక్కుతూ ఆగిపోయిన కారు కథ కాస్త తేటపడుతుంది.

ముందుగా ఆ చోటి సంగతి. 1960ల తొలినాళ్ళలో చల్లగళ్ళ నరసింహారావు పూనికతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడేనాటికి అక్కడున్నవి బండరాళ్ళూ, తుప్పలూను. ఊరికి దూరం, దారి ఎత్తుపల్లాలు. అక్కడ ఇల్లు కట్టుకున్నవారికి వాహనం తప్పనిసరి అవసరం. 1976లో ఆ గుట్టల అంచున అన్నపూర్ణ స్టూడియో, ఆ తరువాత పద్మాలయ, 1989లో రామానాయుడు స్టూడియో వెలిశాయి. తెలుగు సినిమా మద్రాసునుంచి విడతలు విడతలుగా తరలివచ్చింది. నటులూ, నిర్మాతలూ గుట్టమీద స్థిరపడ్డారు. అవకాశాల కోసం వచ్చినవారు దిగువన కృష్ణానగర్‌లో గదులు తీసుకున్నారు. గుట్టమీద వాడి విడిచిన కారు గుట్టకింద ఒకరి తొలి కారు కావడం ఆ భూగోళంలోనే ఉంది. సినిమా లోకంలో ఆటోలో దిగినవాడికీ కారులో దిగినవాడికీ గేటు దగ్గర మర్యాద ఒకటి కాదని వేరే చెప్పనక్కరలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేవరకు మన రోడ్లమీద కనబడినవి ప్రధానంగా అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. కొత్త కారుకు పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. కనుక చేతికందే పాత కారుకే గిరాకీ. విదేశీ దౌత్యవేత్తలు వదిలివెళ్ళిన పెద్ద కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడయ్యేవి. అయితే ఆనాటి దేశవాళీ ఇంజిన్లకు ఒక సుగుణముండేది. పేటకొక మేస్త్రీ వాటిని విప్పి బిగించగలడు. చెడితే బోరు చేయించి, రాణిగంజ్ దుకాణాలనుంచి పిస్టన్లూ రింగులూ తెచ్చి మళ్ళీ నడిపించేవారు. నేటి ఇంజిను అలా కాదు. అది బిగుసుకుపోతే మరమ్మతు ఖర్చు కారు వెలలో పెద్ద వాటాను మింగేస్తుంది. అప్పుడు పాత కారు కొన్నవాడు ఓపిక పోగొట్టుకునేవాడు, ఇప్పుడు పోయేది పొదుపు.

ఫిలింనగర్‌లో ఒక సహాయ దర్శకుడు, ఇంట్లో బంగారం కుదువబెట్టి, తెలిసినవారి ద్వారా ఒక కారు కొన్నాడనుకుందాం. మధ్యలో దుకాణం లేదు, దళారీ లేడు. "ఫలానా హీరోగారి దగ్గర ఉన్న బండి, తిరిగింది తక్కువే" అన్న మాట ఉంది. మీటరు ఆ మాటకు సాక్ష్యం పలికింది. రెండు వారాల తరువాత, చెక్‌పోస్టు వైపు ఎత్తు ఎక్కుతుండగా వేడి ముల్లు పైకి లేచింది, తెల్లపొగ వచ్చింది, ఇంజిను ఆగింది. ఇక్కడ ఎవరూ మీటరు తిప్పి ఉండనక్కరలేదు. స్టూడియో ముందు ఏసీ వేసుకుని గంటలు గంటలు నిలబడిన కారులో ఇంజిను అరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. అరిగిన రింగుల పొగను చిక్కటి ఆయిలు కొన్నాళ్ళు కప్పిపుచ్చుతుంది. హెడ్ గాస్కెట్‌లోని సన్నటి పగులు చల్లటి ఇంజినులో, చదునైన రోడ్డుమీద, పది నిమిషాల పరుగులో పట్టుబడకపోవచ్చు. దానికి వేడి కావాలి, ఎత్తు కావాలి, అన్నిటికీ మించి కొన్ని రోజుల వ్యవధి కావాలి.

ఆ వ్యవధినే మన పూర్వులు లెక్కగట్టారు. కొన్నాక, అమ్మాక కలిగే పశ్చాత్తాపానికి ధర్మశాస్త్రాలలో అనుశయమని పేరు. అది వ్యవహార పదాలలో ఒకటి, అంటే న్యాయసభకు ఎక్కదగిన తగాదా. మనువు పది రోజుల గడువు పెట్టాడు. యాజ్ఞవల్క్యుడు వస్తువు స్వభావాన్నిబట్టి పరీక్షాకాలం విభజించాడు. లోహానికి ఒక రోజు, పాడిపశువుకు మూడు, బరువు లాగే పశువుకు ఐదు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది. కౌటిల్యుడు మరో అడుగు ముందుకు వేశాడు. రోగమున్న పశువును ఆరోగ్యమైనదని చెప్పి అమ్మితే జరిమానా విధించి, నాలుగు కాళ్ళ జంతువును తిప్పి ఇవ్వడానికి మూడు పక్షాల గడువు ఇచ్చాడు. ఆ మాత్రం కాలంలో బాగోగులు తెలుస్తాయి గనుక అని కారణం కూడా చెప్పాడు. ఇవి ఎవరి ఊహో కావు, సంత అనుభవంలోంచి పుట్టిన అంకెలు. అదే జాబితాలలో దాసీదాసులకూ పరీక్షాకాలం ఉందన్నది మరచిపోరాదు. కాబట్టి ఆ కాలాన్ని ఆకాశానికెత్తే పని నేను పెట్టుకోవడం లేదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాస్తే, 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. శాస్త్రం తెలుగులో ఉండాలన్న అవసరాన్ని మనవాళ్ళు ఏనాడో గుర్తించారనడానికి అదొక నిదర్శనం.

ఇక ఇంగ్లీషువారి న్యాయం వచ్చింది. కొనేవాడే కళ్ళు తెరుచుకుని కొనాలన్నది దాని మూలసూత్రం. 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను కింద ఒక గుర్రం కథ ఉదాహరణగా ఉంది. ఒకడు తన గుర్రానికి జబ్బుందని తెలిసీ వేలంలో అమ్ముతాడు, ఏమీ మాట్లాడడు. అది మోసం కాదంటుంది చట్టం. మౌనం తనంతట తాను మోసం కాదు. కొన్నది అమ్మినవాడి కూతురై, అప్పుడే మైనారిటీ తీరినదైతే మాత్రం చెప్పి తీరాలి. తమాషా ఏమిటంటే మూడో ఉదాహరణ. కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటాను" అన్నాడు, అమ్మేవాడు నోరు విప్పలేదు. అప్పుడు ఆ మౌనం మాటతో సమానం. గుర్రం అదే, జబ్బు అదే. మధ్యలో తేడా ఒక్క ప్రశ్న. 1930 సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షనూ ఆ దారినే నడిచింది. ఆ సరుకుల వ్యాపారం చేసేవాడు అమ్మితే నాణ్యత గురించి కొన్ని షరతులు వాటంతటవే వర్తిస్తాయి. తన ఇంటి ముందున్న కారును అమ్ముకునే గృహస్థుకు అవి వర్తించవు. వినియోగదారుల చట్టం దృష్టి కూడా వ్యాపారిమీదే.

ఈ నిశ్శబ్దం బజారును ఎలా పాడుచేస్తుందో 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని చూపించాడు. ఏది మంచి కారో, ఏది చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నిటికీ ఒక మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు. మిగిలేవి చెడ్డవే. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసం నాలుగోచోట అచ్చయింది. 2001లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఫిలింనగర్ వాడుకలో హీరోగారి పేరు ఈ తెలియనితనాన్ని పూడ్చే మసాలా. కానీ ఆ పేరు యజమానిని గురించి చెబుతుందే తప్ప సిలిండరు లోపలి సంగతి చెప్పదు.

ప్రభుత్వం ఏమీ పట్టించుకోలేదని కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోపలే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో యాజమాన్య మార్పును తెలియజేయాలి. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం భారం రికార్డులో ఉన్న యజమానిమీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. పాత వాహనాల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి అధికారపత్రం నియమాలు అమలులోకి వచ్చాయి. ఇవన్నీ కారు ఎవరిదన్న ప్రశ్నకు జవాబులు. కారు ఎలా ఉందన్న ప్రశ్న, ఇద్దరు మనుషుల మధ్య నేరుగా జరిగే అమ్మకంలో, ఆర్‌టీఏ ఆఫీసు గుమ్మం దాకా కూడా పోదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మాత్రం సొంత కారు అమ్మే వ్యక్తి కూడా తనకు తెలిసిన పెద్ద లోపాలు చెప్పాలి. తెలిసీ దాచాడని రుజువు చేస్తే కొన్నవాడు 30 రోజుల్లో బేరం రద్దు చేసుకోవచ్చు. యాజ్ఞవల్క్యుడు అట్లాంటిక్ దాటినట్టుంది.

మనకు అటువంటి చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కరలేదు. 1930 చట్టంలోనే 24వ సెక్షను ఉంది. నచ్చితేనే కొనుగోలన్న షరతుమీద సరుకు అప్పగించి, ఇన్ని రోజులని గడువు పెట్టుకోవడానికి అది చోటిస్తుంది. అంటే స్మృతికారులిచ్చిన ఐదు రోజులు చట్టం దానంతట ఇవ్వదు గాని, ఇద్దరూ రాసుకుంటే కాదనదు. అలాగే ఇంజిను విప్పారా, వేడెక్కి ఎప్పుడైనా ఆగిందా, ఆయిలు తాగుతోందా అని కాగితం మీద అడిగితే ఆ గుర్రం యజమాని మౌనానికి ఒక అర్థం వస్తుంది. మన ఇబ్బందల్లా మొహమాటం. తెలిసినవారి దగ్గర కొంటూ కాగితం అడగడమేమిటని నోరు నొక్కుకుంటాం. పరిచయస్థుల మధ్య నమ్మకం చెడకూడదనే గడువులూ షరతులూ పుట్టాయని మరచిపోతాం. బంగారం కుదువబెట్టినవాడికి ఆ మొహమాటం ఖరీదైనది. ఐదు రోజులు ఇవ్వనన్న అమ్మకందారు కూడా ఒక సమాధానం ఇచ్చినట్టే.