బ్యాక్టీరియల్ వజైనోసిస్: కారణాల అన్వేషణ

సంతానం కలిగే వయసులోని స్త్రీలలో తెల్లబట్ట సమస్యకు ఒక ప్రధాన కారణం బ్యాక్టీరియల్ వజైనోసిస్. పల్చని బూడిదరంగు స్రావం, చేప వాసన దీని గుర్తులు. చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. శుభ్రత లేకే ఇది వస్తుందన్న అపోహ స్త్రీలకు చేసిన చేటు తక్కువేమీ కాదు. నిజానికి యోనిని లోపలికంటా కడిగే అలవాటు ముప్పును పెంచుతుంది.

ఈస్ట్రోజన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజన్ నిల్వ ఉంటుంది. అది విడిపోగా వచ్చే చక్కెరలను లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దానితో పీహెచ్ సాధారణంగా 4.5 మించదు, హానిచేసే క్రిములకు అక్కడ చోటు దొరకదు. ఈ బ్యాక్టీరియాను 1892లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడెర్లైన్ వర్ణించాడు. వజైనోసిస్‌లో ఇవి తగ్గిపోయి, ఆక్సిజన్ లేకుండా బతికే రకాలు పెరుగుతాయి.

1955లో అమెరికాలో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే పరిశోధకులు దీనికంతటికీ ఒకే క్రిమి కారణమన్నారు. ఆ క్రిమినే ఇప్పుడు గార్డ్‌నరెల్లా అంటున్నాం. వాళ్లు చేసిన ప్రయోగాన్ని నేటి వైద్యనీతి ఏ విధంగానూ ఒప్పుకోదు. విడిగా పెంచిన క్రిమిని 13 మంది స్త్రీల యోనిలో ప్రవేశపెడితే ఒక్కరికే జబ్బు వచ్చింది. రోగుల స్రావాన్ని నేరుగా ప్రవేశపెట్టినప్పుడు మాత్రం 15 మందిలో 11 మందికి వచ్చింది. ఆ స్రావంలో ఇంకేదో ఉందని వాళ్ల అంకెలే చెబుతున్నాయి. పైగా ఏ ఇబ్బందీ లేని స్త్రీలలోనూ గార్డ్‌నరెల్లా కనిపిస్తుందని తర్వాత తేలింది.

ప్రయోగశాలలో పెరగని క్రిములను డీఎన్ఏ పరీక్షలు బయటపెట్టాక అన్వేషణ దారి మారింది. యోని గోడకు అంటుకుని గార్డ్‌నరెల్లా ప్రధానంగా ఉండే క్రిముల పొరను 2005లో బెర్లిన్ పరిశోధకులు చూపించారు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గిన జబ్బు నెలల్లోనే తిరగబెట్టడానికి ఈ పొర ఒక కారణమని భావిస్తున్నారు. 2011లో పరిశోధకుడు జాక్ రావెల్ బృందం 396 మంది స్త్రీలను పరీక్షించి యోని సూక్ష్మజీవులను ఐదు సముదాయాలుగా విభజించింది. వాటిలో నాలుగింటిలో లాక్టోబాసిల్లస్ జాతులదే పైచేయి. ఐదోదానిలో వాటి సంఖ్య తక్కువ. అయినా అలాంటి స్త్రీలలో అనేకులు ఆరోగ్యంగానే ఉన్నారు.

జబ్బు తిరగబెట్టకుండా ఉండాలంటే భర్తకు కూడా చికిత్స అవసరమా అన్నది పాత తగాదా. పురుషులకు మాత్రలు మాత్రమే ఇచ్చిన పరీక్షలు పెద్దగా ఫలించలేదు. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో మాత్రలతోపాటు పురుషాంగానికి క్లిండామైసిన్ క్రీమ్ కూడా వాడించారు. 12 వారాల్లో జబ్బు తిరగబెట్టింది 35 శాతం స్త్రీలలోనే. స్త్రీకి మాత్రమే చికిత్స చేసిన జంటల్లో అది 63 శాతం.