ల్యాంపు నంబరు, తాళంచెవి: పాస్‌వర్డ్ భద్రత – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• గుర్తింపుకూ రహస్యానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• 1961 నుంచి పాస్‌వర్డ్‌లను దాచే పద్ధతులు ఎలా మారుతూ వచ్చాయో తెలపగలుగుతారు.
• మీ పాస్‌వర్డ్‌లను భద్రపరచుకోవడానికి మీకు తగిన పద్ధతిని ఎంచుకోగలుగుతారు.

1. విషయ పరిచయం

మీలో చాలామంది గోదావరిఖని, రామగుండం, యైటింక్లయిన్ కాలనీ ప్రాంతాల్లో పెరిగినవారే. భూగర్భ గని దగ్గర ల్యాంపురూమ్ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కరలేదు. లోపలికి దిగే కార్మికుడు అక్కడ నంబరు వేసిన క్యాప్‌ల్యాంపు తీసుకుంటాడు. ఏ ల్యాంపు ఎవరికి ఇచ్చారో రిజిస్టరులో రాస్తారు. షిఫ్టు ముగిశాక ఒక ల్యాంపు తిరిగి రాకపోతే, ఎవరు ఇంకా పైకి రాలేదో వెంటనే తెలుస్తుంది. ఆ నంబరులో రహస్యం ఏమీ లేదు. నలుగురికీ తెలిస్తేనే దానికి ప్రయోజనం.

అదే గనిలో ఇంకో వస్తువు ఉంది. బ్లాస్టింగ్ కోసం మందు పేల్చే ఎక్స్‌ప్లోడర్ తాళంచెవి అది. షిఫ్టు ముగిసేవరకు దానిని షాట్‌ఫైరర్ తన దగ్గరే ఉంచుకోవాలని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెప్పాయి. పక్కవాడు ఎంత నమ్మకస్తుడైనా సరే, చెవి చేతులు మారకూడదు.

ల్యాంపు నంబరు గుర్తింపు. తాళంచెవి రహస్యం. మీ ఖాతా నంబరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు మొదటి జాతికి చెందినవి. పాస్‌వర్డ్, పిన్, ఓటీపీ రెండో జాతికి చెందినవి. ఈ రెంటినీ కలగలిపిన ప్రతిసారీ నష్టం జరిగిందని చరిత్ర చూపుతుంది. ఈ పాఠంలో మీరు ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయే విషయం కాదు. దశాబ్దాల పాటు బొగ్గు తవ్విన కార్మికుడికి పదవీ విరమణ నాడు గ్రాట్యుటీ వస్తుంది. 1948 చట్టం కింద కూడబెట్టిన బొగ్గు గనుల భవిష్యనిధి వస్తుంది. 1998 పథకం కింద నెలనెలా పింఛను వస్తుంది. ఇవన్నీ చేరేది బ్యాంకు ఖాతాలోకే. ఒకప్పుడు ఆ సొమ్ము తీయాలంటే మనిషే వెళ్లి కౌంటరు ముందు నిలబడాలి. ఇవాళ ఆ ఖాతాకు తలుపు జేబులోని ఫోనులో ఉంది.

2. కంప్యూటర్లకు పూర్వం

రహస్య సంకేతం కొత్తదేమీ కాదు. రోమన్ సైన్యంలో ఆ రాత్రి చెప్పవలసిన మాటను చెక్క పలక మీద రాసి దళం నుంచి దళానికి పంపేవారని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ వర్ణించాడు. చీకటి పడేలోగా పలకలన్నీ తిరిగి అధికారికి చేరాలి. ఒకటి తగ్గితే అది ఎక్కడ ఆగిపోయిందో విచారించేవారు. మన దేశంలో, రాకపోకలకు ముద్ర వేసిన అనుమతి పత్రం ఇచ్చే ముద్రాధ్యక్షుడనే అధికారి గురించి కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది.

రోమన్ పద్ధతిలో రెండు విషయాలు గమనించండి. ఆ మాట ఒక్క రాత్రికే పనికివస్తుంది. అది ఎవరి చేతిలో ఉందో ఎప్పటికప్పుడు లెక్క ఉంటుంది. రహస్యం ఎంత కఠినమైనది అన్నదానికన్నా అది ఎవరి సంరక్షణలో ఉంది అన్నదే అప్పటివారికి ముఖ్యం.

3. కంప్యూటర్‌లో తొలి పాస్‌వర్డ్‌లు (1961–1979)

గోదావరిఖనిలో బొగ్గు తవ్వకం నిలదొక్కుకుంటున్న 1960 దశకం తొలినాళ్లలోనే, అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను రూపొందించింది. దాని తొలి ప్రదర్శన 1961లో జరిగింది. ఒకే కంప్యూటర్‌ను అనేకమంది పంచుకుని వాడే ఏర్పాటు అది. ఎవరి ఫైళ్లు వారికే కనిపించాలి కనుక ప్రతి ఒక్కరికీ ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు.

అయితే ఆ పాస్‌వర్డ్‌లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా ఒకే ఫైలులో రాసిపెట్టారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధకుడికి తనకు కేటాయించిన కంప్యూటర్ సమయం చాలలేదు. ఆ ఫైలును అచ్చువేయమని యంత్రానికే కోరిక పెట్టి, కాగితం మీద అందరి పాస్‌వర్డ్‌లూ సంపాదించాడు. 1966లో ఇంకో పొరపాటు జరిగింది. రెండు ఫైళ్లు తారుమారై, ఆ రోజు ప్రకటన కనిపించవలసిన చోట అందరి పాస్‌వర్డ్‌ల జాబితా ప్రత్యక్షమైంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఏ ఒక్క పాస్‌వర్డ్‌నూ ఎవరూ ఊహించి పట్టుకోలేదు. లోపమంతా దాచిన చోటులోనే ఉంది.

దీనికి పరిష్కారం 1960 దశకంలోనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీడమ్ ఆలోచించాడు. పాస్‌వర్డ్‌ను దాచవద్దు, దానిని ఒక గణిత ప్రక్రియలో వేసి వచ్చిన ఫలితాన్ని మాత్రమే దాచాలి. బియ్యం నుంచి పిండి వస్తుంది గాని పిండి నుంచి బియ్యం రాదు కదా. ఇదీ అటువంటిదే. మీరు పాస్‌వర్డ్ కొట్టినప్పుడు యంత్రం మళ్లీ విసిరి, వచ్చిన పిండిని పాత పిండితో పోల్చి చూస్తుంది. దీనిని హ్యాషింగ్ అంటారు.

1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ దీనికి ఇంకొకటి జోడించారు. ప్రతి పాస్‌వర్డ్‌కూ వేరువేరుగా కొన్ని యాదృచ్ఛిక అంకెలు కలిపి విసరడం. దీనికి వారు పెట్టుకున్న పేరు 'సాల్ట్', అంటే ఉప్పు. ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా ఫలితాలు వేరుగా ఉంటాయి. ఆ వ్యాసంలోనే వారు 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలించారు. వాటిలో 86 శాతం మరీ చిన్నవి లేదా నిఘంటువులో దొరికేవి. దాచే చోటు బాగుపడింది, ఎంచుకునే మనిషి మారలేదు.

4. ధర్మారం ఉదంతం (2018)

ఇప్పుడు మన జిల్లాకే వద్దాం. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే వేలిముద్ర వాడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వేలిముద్ర చరిత్ర మన దేశంతో ముడిపడినదే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ ఒక ఒప్పందం మీద చేతిముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. చదువురాని కార్మికుడు జీతం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేయడం మన పెద్దలు ఎరిగినదే.

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. ఆన్‌లైన్‌లో దొరికిన భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి అతడు వేలిముద్రల బొమ్మలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే విధానంలో నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో ఇతరుల పేర సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడన్నది పోలీసుల కథనం.

ఇక్కడ దోషం ఎక్కడుందో ఆలోచించండి. దస్తావేజు మీద వేసిన వేలిముద్ర ల్యాంపు నంబరు వంటిది. అది నలుగురి కంటా పడుతుంది. దానినే తాళంచెవిగా కూడా వాడేసరికి ప్రమాదం వచ్చింది. పైగా పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. అందుకే ఆధార్ వేలిముద్రలను అవసరం లేనప్పుడు లాక్ చేసుకునే సదుపాయం ఉంది. దానిని వాడుకోండి.

5. నియమాలు మారిన తీరు (2003–2017)

2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ రాసిన మార్గదర్శకాల ప్రభావంతో, పెద్దక్షరం, అంకె, ప్రత్యేక చిహ్నం కలపాలి, తరచుగా మార్చాలి అన్న నియమాలు లోకమంతా పాకాయి. ఫలితం మీకు అనుభవమే. మనుషులు పాత పాస్‌వర్డ్ చివర ఒక అంకె పెంచి సరిపెట్టుకున్నారు.

2009 డిసెంబరులో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. 1962 నాటి తప్పే మళ్లీ జరిగింది: అవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా దాచినవే. వాటిలో ఎక్కువమంది ఎంచుకున్నది 123456. 2017లో నిస్ట్ తన నియమాలను సవరించింది. పొడవు ముఖ్యం, పోయిందన్న ఆధారం లేకుండా ఊరికే మార్పించవద్దు, ఇప్పటికే బయటపడిన పాస్‌వర్డ్‌లను అనుమతించవద్దు అని చెప్పింది. తన పాత సలహాల్లో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని బర్ కూడా అదే ఏడాది ఒప్పుకున్నాడు.

మన దేశంలో 2009 ఆగస్టు నుంచి కార్డుతో చేసే ఆన్‌లైన్ చెల్లింపులకు రెండో ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది. ఓటీపీ అలా మన ఇళ్లలోకి వచ్చింది. రోమన్ పలక మీది మాటలాగే అది ఒక్కసారికే పనికివస్తుంది. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడడం, సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణతో వచ్చిన 66సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం.

6. మరి ఎక్కడ దాచాలి?

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పాఠం రాస్తున్న నేను చాలాకాలం ఏటీఎం పిన్‌ను ఆ కార్డు కవరు మీదే రాసుకుని తిరిగాను. ఒకసారి కరీంనగర్ బస్సులో పర్సు జారిపోయింది. కండక్టరు మంచివాడు కనుక డబ్బుతో సహా తిరిగి ఇచ్చాడు. నంబరునూ తాళంచెవినీ ఒకే జేబులో పెట్టినవాడికి ప్రతిసారీ అటువంటి కండక్టరు దొరకడు.

• ఫోను బాగా వాడగలవారికి పాస్‌వర్డ్ మేనేజర్ మంచి మార్గం. అది ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ తయారుచేసి, అన్నిటినీ ఒక పెట్టెలో సంకేతీకరించి ఉంచుతుంది. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఆ పెట్టె పాస్‌వర్డ్ ఒక్కటే. అది బలహీనంగా ఉండకూడదు. 2022లో లాస్ట్‌పాస్ సంస్థ నుంచి ఇటువంటి పెట్టెల నకళ్లు దొంగల చేతికి చిక్కాయి. బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టినవారికే అప్పుడు ఎక్కువ ముప్పు.
• ఆ ఒక్కటీ పొడవుగా, పొంతన లేని నాలుగైదు మాటలతో ఉండాలి. ఉదాహరణకు చింతచిగురు, రంపం, తిరునాళ్ల, పదహారు. (ఇది అచ్చయింది కనుక దీనినే వాడకండి.) గని పేరు, పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరం పనికిరావు. అవి కాలనీ అంతా ఎరిగినవే.
• ఫోను అలవాటు లేని పెద్దలు కాగితం మీద రాసుకోవడం తప్పుకాదు. ఆ కాగితం ఇంట్లో బీరువాలో తాళం వేసి ఉండాలి. దాని మీద ఖాతా నంబరు గాని బ్యాంకు పేరు గాని ఉండకూడదు.
• ఈమెయిల్ పాస్‌వర్డ్ మరెక్కడా వాడకండి. మిగిలిన ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చే దారి దానిగుండానే పోతుంది.
• నెట్ సెంటరులో పింఛను పని చేయించుకునేటప్పుడు పాస్‌వర్డ్ మీరే కొట్టండి. 'సేవ్ చేయాలా' అని కంప్యూటర్ అడిగితే వద్దనండి. పని అయ్యాక లాగౌట్ చేసి లేవండి.
• కుటుంబం కోసం నామినీ పేరు ఇప్పుడే నమోదు చేయించండి. మనిషి పోయాక అతని పిన్‌తో డబ్బు తీయడం సరైన దారి కాదు. నామినీగా దరఖాస్తు చేయడమే దారి.
• మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

7. సారాంశం

పాస్‌వర్డ్ చరిత్ర అరవై ఏళ్లకు పైబడినది. ఎం.ఐ.టి. ఫైలు, రాక్‌యూ, ధర్మారం ఉదంతం చూపేది ఒకటే. రహస్యాన్ని బయట పెట్టినా, గుర్తింపునే రహస్యంగా వాడినా మోసానికి దారి తెరుచుకుంటుంది. బ్యాంకు నుంచి అంటూ ఎవరైనా ఫోను చేసి మీ ఖాతా వివరాలన్నీ అప్పజెప్పినా నమ్మకండి. వారికి తెలిసింది మీ ల్యాంపు నంబరు మాత్రమే. వారు అడుగుతున్న ఓటీపీ తాళంచెవి. షిఫ్టు మధ్యలో షాట్‌ఫైరర్ దానిని ఎవరి చేతిలోనూ పెట్టడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. గుర్తింపుకూ రహస్యానికీ తేడా ఏమిటి? మీ నిత్యజీవితం నుంచి రెండేసి ఉదాహరణలు ఇవ్వండి.
2. 1962, 2009 సంఘటనల్లో సమానమైన లోపం ఏది?
3. మీ ఇంట్లో పెద్దల పిన్‌లు, పాస్‌వర్డ్‌లు ప్రస్తుతం ఎక్కడ ఉన్నాయో వారితో కూర్చుని పరిశీలించండి. మార్చవలసినవి ఉంటే ఈ వారంలోనే మార్పించండి. ఆ పాస్‌వర్డ్‌లను మాత్రం జవాబు పత్రంలో రాయకండి.