ఊక బూడిద నుంచి చంద్రుడి దాకా: బేకన్ సెల్ కథ

మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన బండి మీద పోతే ఊక బూడిద కళ్లల్లో పడుతుంది కదా. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. దాన్ని కాస్టిక్ సోడా నీళ్లలో మరిగిస్తే కరిగిపోతుంది. క్షారం దెబ్బ అట్లుంటది మరి! ఇవాళ్టి కథంతా ఆ దెబ్బ గురించే.

ఫ్యుయల్ సెల్ అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే పెట్టె. 1839 ప్రాంతంలో గ్రోవ్ యాసిడ్‌తో చేసి చూపించాడు. కానీ యాసిడ్‌కు తట్టుకోవాలంటే ప్లాటినం కావాలి, దాని ఖరీదు మీకు తెలుసు. 1932లో ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ వేరే దారి పట్టాడు: పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, చవకైన నికెల్. అప్పుడు ఆయన ఆవిరి టర్బైన్లు చేసే కంపెనీలో ఉద్యోగి. ప్రయోగాలు మానతావా, పని మానతావా అన్నారు. ఆయన ఉద్యోగమే వదిలేశాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. 200 డిగ్రీల వేడి, బోలెడంత ఒత్తిడి, పైగా స్వచ్ఛమైన ఆక్సిజన్. ఆ వైపు నికెల్ ఎలక్ట్రోడ్ తుప్పు పట్టేది. ఆకుపచ్చటి ఆ నికెల్ ఆక్సైడ్‌లో కరెంటు సరిగా పారదు. ఏళ్ల కష్టం ఆ పొర దగ్గరే ఆగిపోయేదే. చివరికి దొరికిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది: తుప్పును ఆపడం కాదు, ముందే మనమే పట్టించడం! నికెల్‌ను లిథియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, గాలిలో కాల్చారు. నల్లటి పొర వచ్చింది. అది కరెంటునూ పోనిస్తుంది, లోపలి నికెల్‌నూ కాపాడుతుంది. 1959లో 40 సెల్స్ పేర్చి సుమారు 5 కిలోవాట్లు తీశారు. మొదలుపెట్టి అప్పటికి 27 ఏళ్లు.

అమెరికా కంపెనీ ప్రాట్ అండ్ విట్నీ ఆ డిజైన్‌నే అపోలో నౌకలకు మార్చింది. ఒక్కో నౌకలో మూడు. వాటిలో పుట్టిన నీళ్లే వ్యోమగాములు తాగారు.

మరి మన స్కూటర్లకెందుకు రాలేదు? కోదాడ వైపు సున్నపురాయి తెలుసుగా. గోడకు వేసిన సున్నం గాలి తగిలి మళ్లీ రాయిలా గట్టిపడుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల. సెల్‌లో క్షారానికీ అదే గతి, కార్బనేట్ అయిపోతుంది. అంతరిక్షంలో ఆ బెడద లేదు, ఆక్సిజన్ ట్యాంకులోంచి వస్తుంది. స్పేస్ షటిల్ సెల్స్‌లో క్షారాన్ని పట్టి ఉంచింది ఆస్బెస్టాస్. అదీ సిలికేటే, మన ఊక బూడిదకు చుట్టమే! అందుకే మెల్లగా కరిగేది.

ఇప్పుడు ద్రవం బదులు ప్లాస్టిక్ పొరలు వాడుతున్నారు. వేడెక్కిన కొద్దీ క్షారం ఆ పొరలోని రసాయన బంధాలను కొరికేస్తోంది. 80 డిగ్రీల్లో వేల గంటలు నిలిచే పొర కోసం ల్యాబుల్లో పోటీ నడుస్తోంది.

ఊక బూడిద నుంచి సోడియం సిలికేట్ ఎట్లా తీస్తారో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.