గోదావరి వరదలు: లంక గ్రామాల ముందస్తు సన్నద్ధత

ఏటా జూలై నుండి సెప్టెంబరు వరకు గోదావరి నదికి వరదలు వచ్చే అవకాశం అధికంగా ఉంటుంది. ధవళేశ్వరం వద్ద గల సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీకి దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. ఈ పాయల నడుమ, ఏటిగట్లకు లోపలి వైపున ఉన్న లంక గ్రామాలు వరద తాకిడికి మొదట గురవుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరగా, ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71.3 అడుగుల మట్టం నమోదు కాగా, బ్యారేజీ నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి విడుదలైంది.

హెచ్చరికల అర్థం

భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవ హెచ్చరికను, 53 అడుగులకు మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. ధవళేశ్వరం వద్ద ఈ మట్టాలు వరుసగా 11.75, 13.75, 17.75 అడుగులు. ఎగువన నమోదైన వరద దిగువకు చేరడానికి పట్టే వ్యవధియే లంక వాసులకు లభించే విలువైన సమయం. అయితే శబరి నది భద్రాచలానికి దిగువన కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. కావున భద్రాచలం వద్ద మట్టం తగ్గినంత మాత్రాన ముప్పు తొలగినట్లు భావించరాదు. సముద్రపు పోటు సమయంలో వరద నీరు నెమ్మదిగా దిగడం కూడా గమనార్హం.

హెచ్చరిక వెలువడిన తరువాత ఏమి చేయాలో ఆలోచించే కన్న, ఏ హెచ్చరికకు ఏ పని చేయాలో ప్రతి గ్రామం వర్షాకాలానికి ముందే నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.

ముందుగా పశువుల తరలింపు

పాడి పశువులను విడిచి రాలేక అనేక కుటుంబాలు చివరి క్షణం వరకు లంకల్లోనే ఉండిపోతుంటాయి. కనుక మొదటి హెచ్చరికతోనే పశువులను ఏటిగట్టుపైకి గాని, మెరక ప్రాంతానికి గాని చేర్చి, ఎండుగడ్డిని అక్కడ నిల్వ చేసుకోవాలి. గర్భిణులను, బాలింతలను, వృద్ధులను, వికలాంగులను కూడా ఈ దశలోనే తరలించడం మంచిది. రెండవ హెచ్చరిక నాటికి మిగిలిన వారందరూ పునరావాస కేంద్రాలకు చేరుకోవాలి. ఉధృతమైన ప్రవాహంలో రాత్రివేళ పడవ ప్రయాణం మిక్కిలి ప్రమాదకరం. అందుచేత చీకటి పడక ముందే తరలింపు పూర్తి కావాలి. మూడవ హెచ్చరిక సమయంలో ఏటిగట్లపై రేయింబవళ్లు కాపలా ఉండి, నీటి ఊటలు కనిపించిన వెంటనే జలవనరుల శాఖ సిబ్బందికి తెలియజేయాలి.

స్థానిక సంస్థల బాధ్యత

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించడంతో పాటు, అవసరమైన వనరులను సిద్ధంగా ఉంచవలసి ఉంటుంది. గ్రామ పంచాయతీలు జూన్ నెలలోనే ఈ క్రింది చర్యలు చేపట్టడం ఉపయుక్తం:

* ఇతరుల సాయం లేనిదే కదలలేని వారి జాబితాను ఇంటింటి వారీగా రూపొందించి, ఒక్కొక్కరికి ఒక బాధ్యుణ్ణి నియమించడం
* పడవలు, వాటిని నడిపే మత్స్యకారులు, గజ ఈతగాళ్ల వివరాలు సేకరించడం; పడవల సామర్థ్యాన్ని, లైఫ్ జాకెట్లను పరిశీలించడం
* గతంలో గండ్లు పడిన, బలహీనంగా ఉన్న గట్లను గుర్తించి ఇసుక బస్తాలను సిద్ధపరచడం
* పునరావాస కేంద్రాల్లో తాగునీరు, మరుగుదొడ్లు, వెలుతురు ఉన్నదీ లేనిదీ తనిఖీ చేయడం
* విద్యుత్తు, ఫోన్లు పనిచేయని పక్షంలో దండోరా ద్వారా సమాచారం చేరవేసే ఏర్పాటు చేయడం

కేంద్రాల్లో వంట ఏర్పాట్లను, పసిపిల్లల పాల పంపిణీని మహిళా స్వయం సహాయక సంఘాలకు ముందుగానే అప్పగించినచో ఆ సమయంలో తొట్రుపాటు ఉండదు.

కుటుంబాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

పట్టాదారు పాసు పుస్తకం, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకాలను నీరు చొరని సంచిలో భద్రపరచుకోవాలి. నిత్యం వాడే మందులు, టార్చిలైటు, పొడి ఆహారం అందుబాటులో ఉంచుకోవాలి. వరద తీసిన తరువాత ఇంటిలో పాములు లేవని నిర్ధారించుకొని, విద్యుత్తు సిబ్బంది పరిశీలించిన పిమ్మటే సరఫరాను పునరుద్ధరించుకోవాలి. బావులను క్లోరినేషన్ చేసే వరకు కాచి చల్లార్చిన నీటినే తాగాలి.

అత్యవసర సహాయానికి 112 నంబరుకు ఫోన్ చేయవచ్చు.